అత్తయ్య చదివించిన ఉత్తరం

లంక నుంచి,
మార్చి 18, 2025

ప్రియమైన స్టెల్లాకి,

నా అక్షరాలు గుర్తుపట్టావా? ఇంటర్ అయ్యాక నువ్వు నర్సింగ్‌కీ నేను పెళ్లికీ వెళ్లిపోయిన కొత్తలో రాసుకున్నాం, మళ్లీ ఇదే. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. పగలంతా అది మా ఆయన జేబులో చెరువుల మీద ఉంటుంది, సాయంత్రమైతే పిల్లల చేతిలో ఉంటుంది. ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టి మాట్లాడటం మా అత్తయ్యకు అలవాటు. నేను చెప్పబోయేది స్పీకర్‌లో చెప్పే సంగతి కాదు. నువ్వు జవాబు రాస్తే మా అంగన్‌వాడీ సెంటర్ అడ్రసుకి రాయి. నేను అక్కడ ఆయాగా చేస్తున్నాను. టీచరు విజయకుమారి గారు విప్పకుండా నా చేతికిస్తారు.

సంగతేమిటంటే, ఏడాదిన్నరగా నాకు తెల్లబట్ట అవుతోంది. దురద లేదు, గడ్డలు గడ్డలుగా కూడా ఉండదు. పల్చగా, బూడిద రంగులో ఉంటుంది. వాసన మాత్రం చేప వాసన. నవ్వకు. చేపల మధ్య పుట్టి చేపల మధ్య బతుకుతున్నవాళ్లం, ఇంకో చేప వాసన ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తెలిసింది. పొద్దుటి నుంచి బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో సర్దించి వచ్చే మనిషి, నా పక్కన పడుకోలేనని చాప తీసుకెళ్లి అరుగు మీద వేసుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మొన్న పెద్దింట్లమ్మ జాతరకి చుట్టాలంతా వచ్చారు. అమ్మవారికి నైవేద్యం వండుతుంటే మా అత్తయ్య, పదిమంది ఆడవాళ్ల ముందు, నువ్వు పొయ్యి దగ్గరికి రాకు, అటు దూరంగా కూర్చో అంది. అవి బయట చేరిన రోజులు కావు. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఒకావిడ ముక్కు మీద కొంగు పెట్టుకుంది. నేను వెళ్లి అంట్ల దగ్గర కూర్చున్నాను.

మందులు వాడలేదనుకోకు. ముందు మా ఊరికొచ్చే ఆర్‌ఎంపీ ఇంజక్షన్ చేశాడు. తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఆకుపచ్చ మందుల ప్యాకెట్టు ఇచ్చారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ తగ్గింది. ప్రతిసారీ నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. వీళ్లలో ఒక్కరు కూడా నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు స్టెల్లా. తెల్లబట్టా అని అడగటం, రాసివ్వటం, శుభ్రంగా ఉండమ్మా అని చెప్పి పంపటం. ఇంతకన్నా శుభ్రంగా మనిషి ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆరు నెలలుగా చెరువుల్లో కొట్టే అయోడిన్ శానిటైజర్ చెంబు నీళ్లలో కలిపి రోజూ లోపలిదాకా కడుక్కుంటున్నాను. చెరువులో పురుగంతా చస్తోంది కదా, ఇక్కడ చావదా అని. మంట పుడుతుంది, ఓర్చుకుంటున్నాను.

చివరికి ఏలూరులో ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించారు. స్కాన్ తీయించి, గర్భసంచి కాస్త వాచింది, తీసేస్తే పీడ పోతుంది అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముందమ్మా అన్నాడు. పాత బీరువా అమ్మేసెయ్యమన్నట్టు అన్నాడు. మా అత్తయ్యదీ అదే మాట. ఆవిడకి ఇదే బాధకి తొమ్మిదేళ్ల కిందట తీశారు, అప్పటినుంచి హాయిగా ఉన్నానని ఊరంతా చెబుతుంది. మా ఆయన, మీ ఇష్టం అని ఊరుకున్నాడు. నాకు ముప్పై రెండేళ్లు. నువ్వు నర్సువి. తీయించుకోవాలా వద్దా, ఆ ఒక్కటీ చెప్పు.

నీ జవాబుకి ఎదురుచూస్తూ,
నీ దుర్గ


తాడేపల్లిగూడెం,
మార్చి 26, 2025

ప్రియమైన దుర్గకి,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. ముందు ఆ శానిటైజర్ సీసా తీసుకెళ్లి మేత షెడ్డులో పెట్టేసి రా. తర్వాతే మిగతా ఉత్తరం చదువు.

పెట్టేశావా? ఇప్పుడు విను. తీయించుకోవద్దు. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చెయ్యకు, వేలిముద్ర వెయ్యకు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నాకు అనిపించేది బాక్టీరియల్ వజైనోసిస్ అని. అనిపించడం వేరు, పరీక్ష చేసి తేల్చడం వేరు, అది డాక్టరు చెయ్యాలి. కానీ ఒకటి మాత్రం నేనే చెప్పగలను. ఆ జబ్బు ఉండేది యోనిలో. వాళ్లు కోసి తీస్తానంటున్నది గర్భసంచిని. పన్ను నొప్పని వెళ్తే చెవి కోసి పంపినట్టు ఉంటుంది.

లోపల మంచి సూక్ష్మజీవులు ఉంటాయి దుర్గా. అవి అక్కడ పులుపు నిలబెట్టి చెడ్డవాటిని పెరగనివ్వవు. ఎందుకనో అవి తగ్గిపోయి వేరేవి పెరిగినప్పుడు ఈ నీరు, ఈ వాసన. మురికి వల్ల వచ్చేది కాదు. తప్పు చేస్తే వచ్చేది కాదు. నువ్వు కడిగినకొద్దీ ఆ మంచివే పోతున్నాయి. శుభ్రంగా ఉండమని చెప్పి పంపిన ప్రతి ఒక్కరినీ వరసగా నిలబెట్టి అడగాలనుంది నాకు, ఏమండీ, ఎప్పుడైనా ఒక స్లయిడ్ పెట్టి చూశారా అని. ఐదు నిమిషాల పని. ఊళ్లో గేదెకి జ్వరమొస్తే తోక ఎత్తి చూస్తారు గదా, మనిషిని చూడటానికి ఏమొచ్చింది వీళ్లకి.

తణుకులో డాక్టర్ రమ్య గారని ఉన్నారు. చిన్న క్లినిక్కు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. నిదానంగా వింటారు, పరీక్ష చేయకుండా మందు రాయరు. ఏలూరులో అంగన్‌వాడీ ట్రైనింగు ఉందనో ఇంకోటో చెప్పి బయల్దేరు. నేను గూడెం బస్టాండులో ఉంటాను, ఇద్దరం కలిసి వెళ్దాం. నీ ఒంటి కోసం చెప్పే అబద్ధం, దాని లెక్క దేవుడి దగ్గర నేను చెప్పుకుంటాను.

మా నర్సింగ్ హోమ్‌కి మాత్రం రాకు. ఎందుకని అడక్కు.

ప్రేమతో, కోపంతో కూడా,
నీ స్టెల్లా


లంక నుంచి,
మే 9, 2025

ప్రియమైన స్టెల్లాకి,

ఆ రోజు బస్టాండులో నన్ను చూసి నువ్వు ఏడ్చావు గానీ నాకు నవ్వొచ్చింది. హాస్టల్లో అన్నం బాగాలేదని వార్డెన్ మీదకి వెళ్లినప్పటి ముఖమే నీది, ఏం మారలేదు.

తిరిగొచ్చేటప్పుడు నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. నా తలలో అంతా ఆ మైక్రోస్కోపే ఉంది. రమ్య గారు స్లయిడ్ పెట్టి, రామ్మా, నువ్వూ చూడు అన్నారు కదా. కణాల చుట్టూ చీమలు పట్టినట్టు చుక్కలు. అంతే, అదే. ఏడాదిన్నర నుంచి నా మంచం వేరు చేసింది, నన్ను అంట్ల దగ్గర కూర్చోబెట్టింది అదే. రంగు మారే చిన్న కాగితం ముక్క, ఒక గాజు పలక, ఐదు నిమిషాలు. నేను ఎక్కిన మెట్లన్నిటి మీదా ఆ ఐదు నిమిషాలు ఎవరి దగ్గరా లేకపోయాయి. గర్భసంచి సంగతి అడిగితే ఆవిడ చెయ్యి పెట్టి చూసి, స్కాన్ కాగితం చదివి, దీనికేం లేదమ్మా, చక్కగా ఉంది అన్నారు.

ఇంకో సిగ్గుమాలిన సంగతి చెబుతాను. చెరువులో శానిటైజర్ కొట్టిన రెండో మూడో రోజుకి మా ఆయన ప్రోబయోటిక్ తెచ్చి చల్లిస్తాడు. ఎందుకంటే చెడ్డవాటితోపాటు మంచివీ చస్తాయి, అవి లేకపోతే నీరు నిలబడదు. ఈ సంగతి మా లంకలో బడికెళ్లని పిల్లకి కూడా తెలుసు. ఆ సీసా రోజూ చేత్తో పట్టుకున్నదాన్ని, నాకు తట్టలేదు. చెరువుకి ఉన్న తెలివి నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో.

వారం రోజులు మాత్రలు వేసుకున్నాను. నోరంతా ఇనుప రుచి, అన్నం సహించలేదు. ఎనిమిదో రోజుకి వాసన లేదు. ఇవాళ్టికి మూడు వారాలు. అంగన్‌వాడీలో పిల్లల పక్కన బోర్లా పడుకుని వాళ్లని నిద్రపుచ్చుతున్నాను. నీకది చిన్న విషయంలా ఉంటుంది.

రమ్య గారు ముందే చెప్పారు, సగం మందికి పైగా ఏడాది లోపే తిరగబెడుతుంది, తిరగబెడితే నీ తప్పనుకోకుండా నా దగ్గరికి రా అని. సరేనన్నాను.

ఆపరేషన్ అక్కర్లేదటండీ అని మా అత్తయ్యకి చెప్పాను. గర్భసంచికీ ఈ జబ్బుకీ సంబంధమే లేదట, తీసినా పోదట అన్నాను. ఆవిడ చేప తోముతోంది. కత్తి ఆపి నా వైపు చూసింది, మళ్లీ తోముకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తన మాట నెగ్గలేదని కోపమనుకుంటాను.

నీ మేలు మరవని
దుర్గ


లంక నుంచి,
ఆగస్టు 4, 2025

స్టెల్లాకి,

తిరగబెట్టింది. మే నెలాఖరుకే వచ్చింది. నీకు రాయాలంటే మొహం చెల్లలేదు. రమ్య గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి ఎక్కువ రోజుల మాత్రలు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకునే జెల్లు, నాలుగు నెలలు ఆపకుండా వాడమన్నారు. జూన్ నుంచి జూలై మధ్య దాకా అద్దంలా ఉన్నాను. ఆ రోజులన్నీ మా ఆయన పెదపాడు దగ్గర చెరువుల మీద ఉన్నాడు, అక్కడి షెడ్డులోనే పడుకున్నాడు. చేపల పట్టుబడి అయిపోయి ఇంటికొచ్చాడు, వాసన లేదని చాప నా పక్కకి తెచ్చుకున్నాడు. ఆయనొచ్చిన పదో రోజున, జెల్లు వాడుతుండగానే, మళ్లీ అదే వాసన.

క్యాలెండరు తీసి చూశాను. పిల్లల బరువులు రాసే అలవాటు కదా, నా సంగతి కూడా చుక్కలు పెట్టి ఉంచాను. పోయినేడాదీ అంతే. ఆయన ఊళ్లో లేనప్పుడు నాకేం లేదు. అది పట్టుకెళ్లి రమ్య గారికి చూపిస్తే ఆవిడ చాలాసేపు చూశారు. ఈ ఏడాదే పెద్ద పరిశోధన ఒకటి వచ్చిందట. ఇలా మాటిమాటికీ తిరగబెట్టే వాళ్లలో భార్యతోపాటు భర్తకి కూడా వారం రోజులు మాత్రలు, పైపూత ఇస్తే మళ్లీ రావడం బాగా తగ్గిందట. మగవాళ్లకి ఏ బాధా లేకుండానే ఆ క్రిములు చర్మం మీద ఉంటాయట. ఇద్దరూ ఒకే వారం వాడాలి, ఆ వారం కలవకూడదు. అంతే. ఆయన మందులు కూడా నా చేతికిచ్చి, కుదిరితే ఆయన్నీ ఒకసారి తీసుకురా అన్నారు.

ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. భోజనం పెట్టి అడిగాను. ఏవండీ, ఒకే తూము మీద రెండు చెరువులు ఉన్నాయనుకోండి, ఒకదాంట్లో జబ్బు వస్తే ఏం చేస్తారు అని. రెండిటికీ మందు కొడతాం అన్నాడు. రెండో చెరువులో చేపలు బాగానే ఉన్నాయి కదండీ అన్నాను. బాగున్నా కొట్టాల్సిందే, లేకపోతే నీళ్లు కలవగానే మళ్లీ మొదటికొస్తుంది, ఇదేం ప్రశ్న అన్నాడు. అప్పుడు మాత్రల పట్టీ కంచం పక్కన పెట్టి డాక్టరు చెప్పినదంతా చెప్పాను.

కంచం తోసేశాడు. "నాకేం జబ్బు? నువ్వు ఎక్కడ తెచ్చుకున్నావో వెళ్లి అక్కడే ఇచ్చుకో" అన్నాడు.

పధ్నాలుగేళ్ల కాపురం. పక్క గదిలో పిల్లలు చదువుకుంటున్నారు. మా అత్తయ్య వాకిట్లో ఉంది, వినపడే ఉంటుంది. ఏడాదిన్నర వాసన భరించాను గానీ ఈ మాట భరించలేకపోతున్నాను. అక్కడున్న చెంబెత్తి గోడకి కొట్టాను. అది సొట్టపోయింది, ఆయన నోరు మాత్రం మూతపడలేదు.

నాకు ఓపిక లేదు స్టెల్లా. వారం రోజులు మాత్ర మింగమంటే ఒక మగవాడి పరువు పోతోంది. నన్ను కోసి పడేస్తే ఎవరి పరువూ పోదు. కోయించేసుకుంటాను. తగ్గినా తగ్గకపోయినా, ఇంక అడిగేవాళ్లు ఉండరు కదా, చేయించాం గదా అంటారు. వినాయక చవితి వెళ్లాక సెప్టెంబరు 4కి తేదీ పెట్టారు. మీ నర్సింగ్ హోమ్‌లోనే. మా అత్తయ్యకి చేసింది అక్కడేనట, అక్కడ నీ స్నేహితురాలు ఉంది, బాగా చూసుకుంటుంది అంది. ఆవిడకి నువ్వు ఎలా తెలుసో నేను అడగలేదు.

దుర్గ


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 12, 2025

దుర్గా,

మీ అత్తగారికి నేను ఎలా తెలుసో చెబుతాను. ఇది నీ ఒక్కదానికే. ఆవిడకి తెలియనివ్వకు, చదివి చింపేసెయ్.

తొమ్మిదేళ్ల కిందట నువ్వు రెండో కాన్పుకి పుట్టింట్లో ఉన్నప్పుడు ఆవిడ మా దగ్గరికి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరి ఏడాది. ఇక్కడ నా పని బీపీ చూడటం, సెలైన్ పెట్టడం అనుకుంటున్నావు కదా. అసలు పని అది కాదు. డాక్టరు ఆపరేషన్ అనగానే ఆడవాళ్లు భయపడతారు. అప్పుడు నేను వెళ్లి పక్కన కూర్చోవాలి. చెయ్యి పట్టుకుని, ఏం కాదమ్మా, నాలుగు రోజుల్లో ఇంటికెళ్లిపోతారు, ఇంక ఏ బాధా ఉండదు అని చెప్పాలి. నా గొంతు మెత్తగా ఉంటుందని ఆ పని నాకిచ్చారు. మీ అత్తగారు లేచి వెళ్లిపోబోయింది. నేను మీ దుర్గ స్నేహితురాలినండీ, నా మాట నమ్మండి అన్నాను. అప్పుడు కూర్చుంది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నువ్వున్నావు కదమ్మా అంది. వేలిముద్ర వేసింది.

కేస్ షీట్లో కారణం తెల్లబట్ట అని రాసుంది. స్లయిడ్ పెట్టలేదు, లోపల చూడలేదు. తీసిన గర్భసంచిని పరీక్షకి పంపారు, పది రోజులకి రిపోర్టు వచ్చింది. జబ్బేమీ లేదు, మామూలుగా ఉంది అని. ఆ కాగితం చదివింది నేను. ఫైల్లో పెట్టి అల్మారాలో సర్దింది నేను. ఆవిడకి చెప్పలేదు. తర్వాత అలాంటి కాగితాలు చాలా వచ్చాయి, చదవడం మానేశాను. అందరికీ అనవసరంగా తీశారని చెప్పను, గడ్డలకీ రక్తస్రావానికీ తీయాల్సిన వాళ్లకీ తీశారు. కానీ ఎవరికి అవసరమో ఎవరికి కాదో నాకు తెలుసు. తెలిసే వాళ్ల చేతులు పట్టుకున్నాను.

నీకు మార్చిలో అంత కోపంగా రాశాను కదా, స్లయిడ్ పెట్టి చూశారా, ఐదు నిమిషాల పని అని. ఆ ఉత్తరం పోస్టు చేసొచ్చి డ్యూటీ యూనిఫాం వేసుకున్నాను. ఆ కోపం నా మీద నాకు రావాల్సింది. మొన్న ఆదివారం చర్చిలో ప్రభు భోజనం ఇస్తుంటే లేచి వెళ్లలేకపోయాను. పక్కనున్న వాళ్లు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

సెప్టెంబరు 4న నువ్వు రావద్దు. వస్తే గేటు దగ్గర నేను అడ్డంగా నిలబడతాను, అందరూ చూస్తుండగా నిలబడతాను. మీ ఆయన ముత్యాలరాజు గారు నిన్ను ఆ మాట అన్నందుకు నువ్వు నీ కడుపు కోయించుకుంటే, ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టే అవుతుంది. దారులు ఇంకా ఉన్నాయి. వేరే మందు క్రీము ఉంది, బోరిక్ యాసిడ్ గుళికలు ఉన్నాయి. అవి రమ్య గారు చూసి ఇవ్వాలి, లోపల పెట్టుకునేవి, నోట్లో వేసుకుంటే విషం, పిల్లలకి అందకుండా దాచాలి. కాస్త ఆగు. ఒంటి మీద కోపం చూపించకు.

నీ ముందు తలెత్తలేని
స్టెల్లా


లంక నుంచి,
డిసెంబరు 7, 2025

స్టెల్లాకి,

నువ్వు ఆ తర్వాత రాసిన మూడు ఉత్తరాలూ అందాయి. కావాలనే జవాబివ్వలేదు. నీ మీద కోపం ఉంది, ఇంకా ఉంది, కానీ జరిగింది నీకు తెలియాలి.

ఆగస్టు పదహారున విజయకుమారి గారు మీటింగని ఏలూరు వెళ్లారు. సెంటర్ తాళం వేసి ఉందని పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చి మా ఇంట్లో ఇచ్చేశాడు. నేను నీళ్లు పట్టుకుని వచ్చేసరికి మా అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది, కవరు ఒళ్లో ఉంది. ఆవిడకి చదువు రాదు. నా పేరు మీద ఉత్తరాలు వస్తున్నాయంటే ఎవరు రాస్తున్నారో అని, కొడుకు అన్న మాట తలలో ఉంది కదా, విప్పి నా చేతికిచ్చి చదువు అంది.

నేను ఏదైనా కల్పించి చదవచ్చు. బాగున్నావా, పిల్లలు బాగున్నారా అని చదివేసి మడత పెట్టచ్చు. నువ్వు తెలియనివ్వకు అని రాసిన వాక్యం మొదట్లోనే ఉంది. ఆ వాక్యంతో సహా చదివాను. ఎందుకు చదివానో చెబుతాను. ఆవిడ ఒంట్లోంచి తీసిన దాని గురించి నీకు తెలుసు, నాకు తెలుసు, మీ అల్మారాకి తెలుసు. ఆవిడకి మాత్రం తెలియకూడదా?

ఆఖరిదాకా కదలకుండా విన్నది. జబ్బేమీ లేదు అన్న చోట మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"పోలేదే దుర్గా" అంది. "ఒక్కరోజు కూడా పోలేదు. పోయిందని చెప్పాను."

తొమ్మిదేళ్లు స్టెల్లా. కోయించుకుని వచ్చిన నెలకే మళ్లీ మొదలైందట. అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక కూడా పోలేదంటే ఎవరితో చెప్పుకుంటుంది? మామయ్య అప్పటికే మంచాన ఉన్నారు. నా ఒక్కదానికే ఇలా అయిందేమో, నీకైనా పోతుందేమో అని నిన్ను వెళ్లమన్నాను అంది. జాతరలో ఆ రోజు ఎవరో వాసన అంటే, అది తన దగ్గర్నుంచే అనుకుందట. బయటపడుతుందని భయపడి నన్ను పట్టుకుని దూరంగా కూర్చోబెట్టింది. ఆ మాట చెబుతూ నా ముఖం వైపు చూడలేకపోయింది. నేను కూడా పర్వాలేదండీ అనలేదు. పర్వాలేదని నాకు అనిపించలేదు.

తర్వాత లేచి, మీ ఆయన మందులు ఎక్కడున్నాయి అంది. బియ్యం డబ్బాలో దాచాను, తీసిచ్చాను. కొంగున కట్టుకుని చెరువు గట్టు మీదికి నడిచింది, వెనకాలే నేను. మేత షెడ్డు దగ్గర ఆరుగురు పనివాళ్లున్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు. "నన్ను కోశారు, ఎందుకని ఎవడూ అడగలేదు. దీన్ని కొయ్యడానికి తేదీ పెట్టారు, ఎందుకని నువ్వూ అడగలేదు. ఏడు రోజులు మాత్ర మింగడం నీకు నామోషీ అయిందా?" అంది. అందరూ చేతిలో మేత బస్తాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా ఆయన ఇంటికి పదమ్మా, మాట్లాడుకుందాం అన్నాడు. కోసిన చోటు చూపించనా అని కుచ్చెళ్ల మీద చెయ్యి వేసింది. అప్పుడు మింగాడు.

అక్కడితో వదల్లేదు. ఏడు రోజులు, పొద్దుట ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇడ్లీ గిన్నెతోపాటు మాత్ర పట్టుకుని గట్టు మీదికి వెళ్లింది. గొంతు దిగిందాకా అక్కడే నిలబడింది. పైపూత సంగతి మాత్రం ఆయనకే వదిలేసింది గానీ ట్యూబు ఎంత తరిగిందో రోజూ నొక్కి చూసేది. ఇటు నేనూ నా మందులు వాడాను. సెప్టెంబరు 4న నేను అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు వలుస్తున్నాను.

ఇవాళ్టికి మూడు నెలలు దాటింది. రాలేదు. రాదని రమ్య గారు చెప్పలేదు, వచ్చే అవకాశం తగ్గిందని మాత్రమే చెప్పారు. వస్తే వెళ్తాను. మా ఆయన, గొడవైన రోజు మళ్లీ అరుగెక్కించిన చాప తెచ్చి నా పక్కన వేసుకున్నాడు. నేను నాది తీసి గోడవైపు జరుపుకున్నాను. మాత్రలు మింగాడు గానీ అన్న మాట ఇంకా మింగలేదు. అది వెనక్కి తీసుకునేదాకా నా చాప అక్కడే ఉంటుంది.

అత్తయ్యని కూడా తణుకు తీసుకెళ్లాను. యాభై ఒక్క ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల్ని కని, అంత ఆపరేషన్ చేయించుకుని, డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి చూసి స్లయిడ్ పెట్టడం ఆవిడకి అదే మొదటిసారి. ఆవిడకీ అదే జబ్బు, దానికి తోడు వయసుకి ముందే వచ్చిన పొడిదనం. మందులిచ్చారు. తగ్గుముఖం పట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిడమర్రు దాకా ఏడ్చింది, నేను ఊరుకోమనలేదు.

ఉద్యోగం మానేశానని, చాలా బాధపడుతున్నానని, అత్తగారిని క్షమించమని అడగమని రాశావు. చదివి వినిపించాను. మానేస్తే ఏమైంది, ఆ కుర్చీలో ఇంకో మెత్తటి గొంతు కూర్చుంటుంది అంది. క్షమించానని మాత్రం రాయకు అంది. నీకో పని చెప్పమంది. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"ఆ అల్మారాలో ఉన్న కాగితం నాది. నా ఒంట్లోంచి తీసిన దాని మీద రాసిన కాగితం. అది అడిగి తీసుకోవడానికి నేను వస్తాను, ఏ అల్మారానో, ఏ అరో చూపించడానికి ఆ అమ్మాయిని రమ్మను. కాగితం తీసుకున్నాక ఇంటికి రాను. అక్కడ బెంచీ మీద వరసగా కూర్చుని ఉంటారు కదా ఆడవాళ్లు, వాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు చదవడం రాదు. ఆ అమ్మాయే చదివి వాళ్లకి చెప్పాలి. అప్పుడు నా చెయ్యి పట్టుకోమను."

వచ్చే సోమవారం, పదిహేనో తారీఖున, ఏలూరు నుంచి ఎనిమిదింటి బండికి బయల్దేరతాం. గూడెం స్టేషన్లో ఉండు.

దుర్గ